సదహారుని ఒంటికాలి మీద నిలబెట్టిన కోచ్

మా అపార్ట్‌మెంట్‌లో తెలుగోళ్ళ వాట్సాప్ గ్రూప్ ఒకటుంది (బెంగళూర్లో అది లేని అపార్ట్‌మెంట్ ఎక్కడుందిలెండి, మారతహళ్ళి వైపైతే మరీనూ). మామూలుగా అందులో ఉగాది చందాలు, నీళ్ళ ట్యాంకర్ల బిల్లు, సంక్రాంతికి ఊరెళ్ళే బస్ టికెట్ల గోల తప్ప ఏమీ ఉండదు. ఈ మధ్య మాత్రం పిల్లల క్రికెట్ అకాడమీ మీద పెద్ద రచ్చ అయింది. కొత్తగా వచ్చిన బ్యాటింగ్ కోచ్ రంజీ ఆడలేదట, కేఎస్‌సీఏ (కర్ణాటక క్రికెట్ సంఘం) లీగ్‌లో ఏదో కింది డివిజన్‌లో ఆడాడట, అంతే. "ఆయనకే రానిది మన పిల్లలకేం నేర్పుతాడండీ" అని ఒకాయన, "ఫీజు మాత్రం రంజీ ప్లేయర్ రేటే" అని ఇంకొకావిడ. నేను అక్కడ అరకావా గురించి రెండు ముక్కలు రాద్దామని మొదలెట్టా, అది కాస్తా మూడు స్క్రీన్లు దాటేసరికి అక్కడ తీసేసి ఇక్కడ పెడుతున్నా.

హిరోషి అరకావా. జపాన్ బేస్‌బాల్. ఈ పేరు మనలో ఎవరికీ తెలిసే ఛాన్స్ లేదు, నాకూ మా ఆఫీసులో జపాన్ క్లయింట్ తరఫున వచ్చిన ఒక పెద్దాయన చెప్పకపోతే తెలిసేది కాదు. శిష్యుడి పేరు చెప్తే కొంతమందైనా గుర్తుపడతారేమో, సదహారు ఓ, 868 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటిదనుకోండి), ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ప్రపంచంలోనే అన్ని కొట్టినవాడు ఇంకొకడు లేడు. (ఇంటిపేరు ఓ, కానీ ఈ పోస్ట్‌లో సదహారు అనే రాస్తా, లేకపోతే చదవడానికి మీకూ రాయడానికి నాకూ తికమక.)

అరకావా ఆటగాడిగా ఎంత అంటే, ఏమంత లేదు. 1930లో టోక్యోలో పుట్టాడు, వసేదా యూనివర్సిటీలో ఆడాడు, 1953లో మైనిచి ఒరియన్స్ అనే టీమ్‌లో చేరి 1961 దాకా ఔట్‌ఫీల్డర్‌గా ఆడాడు. బ్యాటింగ్ యావరేజ్ 0.251. క్రికెట్ లెక్కల్లో ఉన్నవాళ్ళకి చెప్పాలంటే, అంటే బ్యాట్ పట్టుకుని వెళ్ళిన నాలుగుసార్లలో ఒక్కసారి హిట్ కొట్టి బేస్ చేరడం, పదింట మూడు కొడితే గొప్ప బ్యాటర్ అంటారు కాబట్టి ఈయన టీమ్‌లో చోటు నిలబెట్టుకునే రకం అన్నమాట, పోస్టర్లు వేసే రకం కాదు. తొమ్మిదేళ్ళలో కొట్టిన హోమ్ రన్‌లు ఇరవైకి లోపే. మనిషి కూడా పొట్టి.

కానీ ఆడుతున్న రోజుల్లోనే ఈయన చేస్తున్న పని వేరు. స్కూల్లో తనకి జూనియర్ అయిన కిహాచి ఎనోమోతో అనే కుర్రాడు అదే ఒరియన్స్‌లోకి 1955లో వస్తే, అతన్ని వెంటేసుకుని బ్యాటింగ్ దిద్దింది అరకావానే. తను 0.251 దగ్గర కొట్టుమిట్టాడుతూ పక్కవాడికి పాఠం చెప్తుంటే టీమ్‌లో మిగతావాళ్ళు ఏమనుకున్నారో గానీ ఆ ఎనోమోతో 1960లో లీగ్ బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు, 31 ఏళ్ళకే 2000 హిట్లు పూర్తి చేశాడు. అంటే అరకావా రిటైరై కోచ్ అవ్వలేదు. కోచే, మధ్యలో తొమ్మిదేళ్ళు ఆడాడు. నేనైతే ఆయన కెరీర్‌ని అలాగే చదువుకుంటా.

సదహారుని మొదటిసారి చూసింది 1954లో. టోక్యోలో సుమిదా నది పక్కన పార్కులో పిల్లలు ఆడుకుంటున్నారు, అప్పటికి అరకావా ఇంకా ఒరియన్స్ ప్లేయరే, అటుగా వెళ్తూ ఆగి చూశాడు. ఒక కుర్రాడు ఎడమచేత్తో బాల్ విసురుతున్నాడు, బ్యాటింగ్‌కి వచ్చేసరికి మాత్రం కుడిచేతి వాటంగా నిలబడుతున్నాడు. నువ్వు ఎడమచేతివాడివి కదా, ఒకసారి అటువైపు నిలబడి కొట్టి చూడు అన్నాడు, కుర్రాడు తిరిగి నిలబడి గట్టిగా కొట్టాడు. ఒడ్డూపొడుగూ చూసి హైస్కూల్ అబ్బాయనుకున్నాడంట ఈయన, ఇంకా మిడిల్ స్కూలే అని తెలిసి నోరెళ్ళబెట్టాడు. నువ్వు మా స్కూల్లో చేరు అని వసేదా జిత్సుగ్యో పేరు చెప్పాడు. అక్కడే చేరి 1957లో కోషియెన్ టోర్నమెంట్ (జపాన్‌లో స్కూలు పిల్లల ఆటే అయినా దేశం మొత్తం పని మానేసి చూసేది) గెలిపించాడు సదహారు, వేళ్ళ మీద బొబ్బలు చితికి రక్తం కారుతుంటే బౌలింగ్ చేసి. బౌలింగ్ అంటున్నా, మీకర్థమైంది కదా, పిచింగ్.

1959లో యోమియురి జెయింట్స్ తీసుకుంది. చాలా డబ్బున్న టీమ్, చాలా అంచనాలు. పిచ్చర్‌గా తీసుకుని ఇతను పిచ్చర్ కాదులే అని ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కి మార్చారు. మొదటి 26 ప్రయత్నాల్లో ఒక్క హిట్ లేదు, 27వది హోమ్ రన్. ఆ సీజన్ మొత్తం 0.161. జనం స్టాండ్స్‌లోంచి స్ట్రైక్ అవుట్ల (బ్యాట్‌తో కొట్టలేక మూడు స్ట్రైక్‌లకి అవుటవడం) రాజు అని అరిచేవాళ్ళు. తర్వాతి ఏడాది 17 హోమ్ రన్‌లు, ఆ తర్వాత 13. పనికిరాడని తీసేయడానికి లేదు, ఇతనే మా స్టార్ అని చెప్పుకోవడానికీ లేదు. చేతిలో డబ్బుంది, వయసుంది, సాయంత్రమైతే గింజా వీధుల్లో షికార్లు.

1961 అయిపోగానే అరకావా ఆట ముగిసింది, జెయింట్స్ మేనేజర్ (మన లెక్కలో హెడ్ కోచ్) తెత్సుహారు కవకామి పిలిచి బ్యాటింగ్ కోచ్ ఉద్యోగం ఇచ్చాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కవకామి అంటే మామూలు మనిషి కాదు, జపాన్‌లో బ్యాటింగ్ దేవుడని పేరున్నవాడు. అంతటివాడు పక్కనే ఉండగా కూడా సదహారు మూడేళ్ళు అలాగే ఉన్నాడు. దేవుడు చేయలేనిది 0.251 వాడి చేతిలో పెట్టారు. నేను గ్రూప్‌లో చెప్పాలనుకున్న పాయింట్ ఇదే అసలు. మన అచ్రేకర్ సార్ సంగతి కూడా చూడండి, సచిన్‌కి గురువు, ఆయన ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఒకే ఒక్కటి, అదీ మన హైదరాబాద్ మొయినుద్దౌలా టోర్నమెంట్‌లో. ఆయన దగ్గరికి పిల్లల్ని పంపేటప్పుడు ఎవరైనా స్కోర్లు అడిగి ఉంటే?

సరే, రోగం ఏంటో చూద్దాం. బేస్‌బాల్‌లో పిచ్చర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 18.44 మీటర్లు, బాల్ పిచ్ పడి లేవదు, నేరుగా వస్తుంది, స్పీడ్ బాల్ అయితే సెకనులో సగం కూడా టైమ్ ఉండదు. సదహారు ఏం చేసేవాడంటే బాల్ వస్తుందనగానే ముందుకాలు వేసేసేవాడు, ఒంటి బరువంతా కాలితో పాటే ముందుకెళ్ళిపోయేది, బస్సు ఇంకా స్టాప్‌కి రాకముందే ఫుట్‌బోర్డ్ ఉందనుకుని దూకేసినట్టు. అదే సమయంలో చేతులు వెనక్కి ఒక కుదుపు ఇచ్చి అప్పుడు బ్యాట్ దించేవి. ఒళ్ళు తొందరగా, చేతులు ఆలస్యంగా. ఇక ఎంత బలముంటే మాత్రం ఏం లాభం. చేతుల్ని ఎంత సరిచేసినా కాలు సరికాదు కాబట్టి అరకావా చేతుల్ని వదిలేసి కాలు పట్టుకున్నాడు. కుడికాలు (ఎడమచేతి బ్యాటర్‌కి ముందుకాలు అదే) పైకెత్తి ఎడమకాలి మీదే నిలబడు అన్నాడు. ముందుకాలు గాల్లో ఉంటే బరువు వెనకే ఉండి తీరాలి, తొందరపడి ముందుకి తూలితే పడిపోతావు. పిచ్చర్ కాలెత్తేటప్పుడే నువ్వూ ఎత్తాలి కాబట్టి ఆలస్యమయ్యే ప్రశ్న కూడా లేదు. ఒక్క దెబ్బకి రెండు తప్పులకీ మందు.

వినడానికి బానే ఉంది, కానీ చూడటానికి మాత్రం నవ్వులాట. ప్రాక్టీస్‌లో చూపించాడు, మ్యాచ్‌లో వాడలేదు. 1962 జులై 1న కవాసాకి స్టేడియంలో తాయియో వేల్స్‌తో మ్యాచ్. దానికి ముందు కోచ్‌ల మీటింగ్‌లో గొడవైంది, సదహారు కొట్టట్లేదు కాబట్టే మనం గెలవట్లేదని అందరూ అరకావా మీద పడ్డారు. ఈయనకి తిక్క రేగింది. బయటికొచ్చి ఇవాళ ఒంటికాలి మీదే ఆడు అని ఆర్డరేశాడు. అంటే ప్రపంచ చరిత్రలో అంత పేరున్న బ్యాటింగ్ స్టైల్ మొదలైంది లెక్కలేసి కాదు, పౌరుషానికి పోయి! ఆ రోజు 5 ప్రయత్నాల్లో 3 హిట్లు, అందులో ఒకటి హోమ్ రన్. ఆ సీజన్ అయ్యేసరికి 38 హోమ్ రన్‌లు, లీగ్ టాప్. అక్కడినుంచి వరసగా 13 ఏళ్ళు టాప్.

ఇక కత్తి సంగతి. అరకావాకి ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య పిచ్చి, దాన్ని కనిపెట్టిన మోరిహేయ్ ఉయేషిబా దగ్గరికే వెళ్ళి నేర్చుకున్నాడు, సదహారునీ తీసుకెళ్ళాడు. బొడ్డు కింద రెండు వేళ్ళ దూరంలో ఒంటికి కేంద్రం ఉంటుందని, ధ్యాస అక్కడ పెట్టుకుంటే ఒంటికాలి మీద ఎంతసేపైనా కదలకుండా ఉండొచ్చని వాళ్ళ లెక్క. దాని మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా తర్వాత చేసింది చూడండి. ఇంట్లో పైకప్పు నుంచి దారంతో ఒక కాగితం ముక్క వేలాడదీస్తాడు. నిజమైన జపనీస్ కత్తి చేతికిచ్చి దాన్ని కోయమంటాడు. బలంతో కొడితే కాగితం తెగదు, గాలికి పక్కకి ఊగి తప్పుకుంటుంది. కత్తి అంచు సరైన కోణంలో, చెయ్యి ఎక్కడా వణక్కుండా, నడుము నుంచి వస్తేనే తెగుతుంది. అర్ధరాత్రి దాకా ఇదే పని, లేకపోతే బ్యాట్ ఊపడం, చడ్డీ మీద చెమటలు కక్కుతూ. ఆ గదిలో తటామీ చాపలు అరిగి పీచులు లేచిపోయాయి. ఆ ఫోటోలు ఇప్పటికీ నెట్‌లో దొరుకుతాయి, చూడండి, అందులో అరకావా మొహం చూడండి ముఖ్యంగా.

మా జపాన్ పెద్దాయన సంగతి చెప్పాను కదా. ఆయనది ఒసాకా వైపు, హాన్షిన్ టైగర్స్ వీరాభిమాని, జెయింట్స్ పేరెత్తితేనే మొహం మాడ్చుకుంటాడు. ఆయన్ని ఆఫీసు దగ్గర ఆంధ్రా భోజనం హోటల్‌కి తీసుకెళ్ళాం, అరిటాకు, గోంగూర, పప్పు, నెయ్యి, అన్నీ ఇష్టంగానే తిన్నాడు పాపం. క్రికెట్‌లో ఫ్రంట్ ఫుట్ గురించి మేం ఏదో చెప్తుంటే ఉన్నట్టుండి లేచి చేతులు కడుక్కొచ్చి, మూలనున్న మా వాడి గొడుగు తీసుకుని, టేబుళ్ళ మధ్య సందులో కుడికాలు మోకాలి దాకా ఎత్తి నిలబడ్డాడు. కదలడు. అరవై దగ్గర పడ్డ మనిషి. సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు దాటలేక అక్కడే ఆగిపోయాడు, పక్క టేబుల్ వాళ్ళు ఫోన్లు తీశారు, ఈయన మాత్రం గొడుగు కొనని చూపిస్తూ, ఇక్కడ గమనించండి, చేతులు ఇంకా మొదలుపెట్టలేదు, అన్నాడు చాలా సీరియస్‌గా. తర్వాత కూర్చుని మజ్జిగ తాగుతూ, జెయింట్స్ అంటే నాకు పడదు గానీ అరకావా మాత్రం జెయింట్స్ వాడని అనుకోను, ఆయన బ్యాటింగ్ వాడు, అన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది.

లెక్కలు త్వరగా చెప్పేస్తా. 1964లో ఒకే సీజన్‌లో 55 హోమ్ రన్‌లు. 1965 నుంచి 1973 దాకా జెయింట్స్ వరసగా తొమ్మిదిసార్లు జపాన్ సిరీస్ (అక్కడి చాంపియన్‌ని తేల్చే ఫైనల్) గెలిచింది, షిగెయో నగషిమా, సదహారు ఇద్దరూ దానికి రెండు ఎద్దులు. 1977 సెప్టెంబర్ 3న 756వది కొట్టి అమెరికాలో హ్యాంక్ ఆరన్ నెంబర్ దాటాడు. 1980లో ఆపేశాడు. పిచ్చర్లు ఊరుకున్నారా అంటే ఊరుకోలేదు, ఆ కాలు ఎత్తినప్పుడు టైమింగ్ చెడగొట్టాలని నానా తంటాలూ పడ్డారు, 1969లో చునిచి డ్రాగన్స్ పిచ్చర్ కెంతారో ఒగావా అయితే ఏకంగా చెయ్యి వీపు వెనక్కి తిప్పి అక్కడినుంచి విసిరాడు. నిజంగా. మ్యాచ్‌లో. అంతదాకా తెచ్చాడంటే ఆ ఒంటికాలు ఎంత ఏడిపించి ఉండాలి.

ఇంతవరకే చెప్పి ఆపితే మోటివేషన్ వీడియో అయిపోతుంది. అరకావా కెరీర్ రెండో సగం అంత అందంగా లేదు, నాకు అసలు ఇంట్రెస్ట్ అక్కడే.

ఆయన పెంపుడు కొడుకు తకాషి అరకావా కూడా వసేదాలో పెద్ద పేరున్న ప్లేయర్. 1969 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని వంతులేసి ఎంచుకునేది) తాయియో టీమ్ అతన్ని తీసుకుంటే నేను వెళ్ళను, జెయింట్స్‌కో ఆటమ్స్ అనే ఇంకో టీమ్‌కో తప్ప ఆడను అన్నాడు. జపాన్‌లో అది పెద్ద రభస అయింది. 1970 జనవరిలో ఇంటి దగ్గరే ఎవరో ఇద్దరు అతని మీద దాడి చేసి తల మీద కొట్టారు. చివరికి తాయియోలో చేరి అక్కడినుంచి ట్రేడ్ (టీమ్‌ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) మీద ఆటమ్స్‌కి వెళ్ళాడు, కొన్నాళ్ళు బాగానే ఆడాడు కూడా, కానీ ఆ దెబ్బ తాలూకు ప్రభావం కంటిచూపు మీద పడి ముప్పై రాకముందే ఆట మానేయాల్సి వచ్చింది. ఊరందరి బిడ్డల బ్యాటింగ్ దిద్దిన మనిషి ఇంట్లో జరిగింది ఇది. అదే 1970తో అరకావా జెయింట్స్ నుంచి కూడా బయటికొచ్చేశాడు.

1973లో అదే ఆటమ్స్‌కి కోచ్‌గా వెళ్ళాడు, 1974లో మేనేజర్ అయ్యాడు, టీమ్ పేరు కూడా అప్పుడే యాకుల్ట్ స్వాలోస్ అయింది. అవును ఆ యాకుల్టే, మన సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో ఎర్రమూత చిన్న సీసాలు ఉంటాయి కదా, ఆ కంపెనీ వాళ్ళ టీమే. మొదటి ఏడాది మూడో స్థానం, పర్లేదు. తర్వాత దిగజారింది. 1976 సీజన్ మధ్యలోనే దిగిపోయాడు. ఆయన కిందే కోచ్‌గా ఉన్న తత్సురో హిరోఓకా పగ్గాలు తీసుకుని 1978లో అదే టీమ్‌కి మొట్టమొదటి జపాన్ సిరీస్ తెచ్చిపెట్టాడు. ఒక్క మనిషిని అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి దిద్దడం వేరు, పాతికమందిని, వాళ్ళ అలకల్ని, పేపర్ వాళ్ళని, ఓనర్లని కలిపి లాక్కురావడం వేరు. అరకావాకి మొదటిది వచ్చినంత బాగా ఎవరికీ రాలేదు, రెండోది రాలేదు, అంతే, దాన్ని ఎటూ సర్దిచెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, ఇది మన అకాడమీలకి బాగా పనికొచ్చేది. 1980ల్లో జెయింట్స్‌లో నోరిహిరో కొమదా అని పొడుగ్గా, ఎడమచేతి వాటంతో, మంచి పవర్ ఉన్న కుర్రాడు వచ్చాడు, 1983లో తొలి మ్యాచ్ తొలి ప్రయత్నంలోనే గ్రాండ్ స్లామ్ కొట్టాడు (మూడు బేసుల్లోనూ మనుషులుండగా హోమ్ రన్ అన్నమాట). ఇంకేం, ఇంకో సదహారుని తయారుచేద్దామని అతన్ని అరకావా దగ్గరికే పంపారు. అదే గురువు, అదే ఒంటికాలు, అదే కష్టం. కుదరలేదు. అతను అది వదిలేసి రెండు కాళ్ళ మీద తన పద్ధతిలో ఆడుకుని చివరికి 2000 హిట్లు దాటాడు. హోమ్ రన్‌ల వీరుడు అవ్వలేదు, వేరే రకం మంచి బ్యాటర్ అయ్యాడు.

ఎందుకు కుదరలేదంటే నాకనిపించేది, ఒంటికాలు అనేది సదహారుకున్న తప్పుకి రాసిన మందు చీటీ. ఆ తప్పు లేనివాడికి ఆ మందు ఎందుకు? అరకావా 1962లో చేసింది ఆ కుర్రాడిని నెలల తరబడి చూసి, మాటలు పడి, చివరికి ఒక దారి వెతకడం. 1980ల్లో ఆయన చేతికి దారి ముందే రెడీగా ఉంది, మనిషిని తెచ్చి దాని మీద నిలబెట్టారు. మన దగ్గర జరిగేది చాలావరకు రెండోదే. బోర్డు మీద ఫలానా స్టార్ టెక్నిక్ నేర్పబడును అని ఉంటుంది, ముప్పైమంది పిల్లలు ఒకే వరసలో ఒకేలా ఎల్బో ఎత్తుతుంటారు, సైడ్‌లో మనం ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటాం. కొత్త కోచ్ రంజీ ఆడాడా అని కాదు, మా వాడు బ్యాట్ పట్టుకున్నప్పుడు ఆయన మొహం ఎటు తిరిగి ఉంది అని చూస్తా నేనైతే. ఫోన్‌లోకి తిరిగి ఉంటే మాత్రం టెస్ట్ ప్లేయరైనా వద్దు.

సదహారు పెట్టిన 55 రికార్డు దగ్గరికి మధ్యలో కొంతమంది వచ్చారు, సమం చేశారు, దాటలేదు. 2013లో వ్లాదిమిర్ బాలెంటియెన్ 60 కొట్టి దాటాడు. 2022లో మునెతాకా మురకామి 56 కొట్టాడు. ఇద్దరూ ఏ టీమ్ అనుకుంటున్నారు, యాకుల్ట్ స్వాలోస్! అరకావాని సగంలో దిగిపొమ్మన్న టీమే. బాలెంటియెన్ రికార్డు ఆయన బతికుండగానే జరిగింది, 2016 డిసెంబర్‌లో 86 ఏళ్ళకి పోయాడు ఆయన.

సదహారు మేనేజర్‌గా పడ్డ పాట్లు ఇంకో పెద్ద కథ, 1996లో సొంత టీమ్ అభిమానులే బస్సు మీద గుడ్లు విసిరారు, 1999లో అదే టీమ్‌తో జపాన్ సిరీస్ గెలిచాడు, 2006లో జపాన్ జట్టుతో మొట్టమొదటి వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ (మన వరల్డ్ కప్ లాంటిది) కూడా గెలిచాడు. అది వేరే పోస్ట్‌లో రాస్తా. మా జపాన్ పెద్దాయన మళ్ళీ వచ్చినప్పుడు అడగాల్సినవి కూడా కొన్నున్నాయి, ఈసారి మాత్రం హోటల్లో ఖాళీగా ఉన్న మూల టేబుల్ చూసుకుని కూర్చోబెడతాం.